పులుపెక్కువ, వగరు తక్కువ: బార్బెరా దాస్తి, దాని పక్కన తినాల్సినవి

ముందే చెప్పేస్తా, ఇటలీలో తయారయ్యే బార్బెరా దాస్తి నాకు ఇప్పుడు చాలా ఇష్టమైన రెడ్ వైన్, కానీ మొదటిసారి తాగినప్పుడు అస్సలు నచ్చలేదు. టొరినోకి వచ్చిన కొత్తలో సూపర్ మార్కెట్‌లో ఆరున్నర యూరోలు పెట్టి ఒక సీసా కొన్నాను. ఇంటికొచ్చి, భోజనం అయిపోయి గిన్నెలు కూడా కడిగేశాక, తొమ్మిదింటికి తీరిగ్గా కూర్చుని ఉత్తదే ఒక గ్లాసు పోసుకున్నా. రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం, నేరేడు పండు నలిపితే వేళ్లకి అంటుకునే రంగు. నోట్లో పోసుకుంటే మాత్రం పులుపు, మళ్లీ పులుపు. దవడల మూలల్లోంచి నీళ్లు ఊరాయి. సీసా పాడైందేమో అనుకుని బిరడా బిగించి పక్కన పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం బ్రెడ్డూ, సలామీ (ఉప్పేసి ఎండబెట్టిన మాంసం) ముక్కలూ, కొంచెం చీజూ పెట్టుకుని తింటూ, పారబోసే ముందు ఇంకోసారి చూద్దామని అదే సీసాలోంచి పోసుకున్నా. అదే వైన్, అదే గ్లాసు. కానీ సలామీ కొవ్వు నాలుక మీద ఉండగా ఒక గుక్క వేసేసరికి ఆ పులుపు ఎటు పోయిందో తెలియదు, చెర్రీ పండు రుచి బయటికొచ్చింది, నోరు కడిగినట్టు శుభ్రమైపోయింది, ఇంకో ముక్క తినాలనిపించింది. తిన్నా. ఇంకో గుక్క. అలా సీసా అయిపోయింది. అప్పటినుంచీ నేను చెప్పేది ఒకటే, బార్బెరాని ఉత్తగా తాగి మార్కులు వేయకండి, అది కంచం పక్కన ఉండాల్సిన వైన్.

ఎందుకలా అంటే దానికి కారణం ఉంది. వైన్ రివ్యూలు చదివితే ఎసిడిటీ, టానిన్ అనే రెండు మాటలు పదేపదే కనిపిస్తాయి, వాటితోనే చాలామందికి విసుగొచ్చి చదవడం మానేస్తారు. తెలుగువాళ్లకి అంత కష్టం అక్కర్లేదు, మనకి రెండింటికీ ఇంట్లో వాడే మాటలే ఉన్నాయి. ఎసిడిటీ అంటే పులుపు, టానిన్ అంటే వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక మొద్దుబారి, చిగుళ్లు బిగుసుకున్నట్టు ఉంటుందే, అదే టానిన్ చేసే పని. పులుపుకి నోట్లో నీళ్లూరతాయి, వగరుకి నోరు ఎండిపోతుంది. రెడ్ వైన్లన్నిటిలోనూ ఈ రెండూ ఎంతో కొంత ఉంటాయి, ఏది ఎంత అన్నదే తేడా. పక్కనే బరోలో కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షకి రంగు పల్చన, వగరు మాత్రం విపరీతం. బార్బెరా దానికి తిరగేసినట్టు ఉంటుంది, చిక్కటి రంగు, వగరు బాగా తక్కువ, ఎంత పండినా తగ్గని పులుపు.

ఈ పులుపులో కూడా రకాలున్నాయి. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్, చింతపండుని పులిపించేదీ అదే. దానితోపాటు మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి యాపిల్ కొరికితే పళ్లు జివ్వుమంటాయి చూడండి, ఆ పులుపు. వైన్ తయారయ్యాక బాక్టీరియా ఆ మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్‌గా, అంటే పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మార్చేస్తే నోటికి హాయిగా ఉంటుంది. ఒకప్పుడు పల్లెటూళ్లలో ఇది జరిగితే జరిగేది, లేకపోతే లేదు. బార్బెరా అంటే పళ్లు పులిసిపోయే వైన్ అని చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదే. ఇప్పుడు దాదాపు అందరూ ఈ మార్పు పూర్తయ్యేదాకా ఆగుతున్నారు, అందుకే ఈ రోజుల్లో దొరికే మామూలు సీసా కూడా అంత మొరటుగా ఉండదు.

మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గర పడిన ఒక పెద్దాయన ఉన్నారు, సొంతూరు ఆస్తి దగ్గర ఒక పల్లె. (ఊరి పేరు పలకడం మన 'ఆస్తి' లాగే. బార్బెరా దాస్తి అంటే ఆస్తి బార్బెరా అని.) సలామీ సంగతి ఆయనకి చెప్తే నవ్వి, "అది కాదు, ఆమె" అన్నారు. ఇటాలియన్ పుస్తకాల్లో వైన్ పేర్లు మామూలుగా పుంలింగం, కానీ టొరినో, ఆస్తి ఉన్న ఈ పియెమోంతె ప్రాంతంలో మాత్రం బార్బెరాని స్త్రీలింగంలోనే అంటారు, 'లా బార్బెరా' అని. ఎవరైనా 'ఇల్ బార్బెరా' అన్నారంటే బయటివాళ్లని వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. తెలుగులో 'వచ్చింది' అంటే మనిషైతే ఆమె, వస్తువైతే అది, క్రియ మారదు కాబట్టి మనం ఎలా రాసినా ఆయనకి కోపం రాదులెండి.

ఆ పెద్దాయనే ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఆ ఒక్క భోజనంలో నేర్చుకున్నంత నేను ఏ టేస్టింగ్‌లోనూ నేర్చుకోలేదు. మొదట పచ్చి మాంసం వచ్చింది, లేత దూడ మాంసాన్ని కత్తితో సన్నగా కొట్టి, ఉప్పు, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసి అలాగే తినేస్తారు. నేను అది తినలేదు, ఆయన భార్య బలవంతమూ చేయలేదు, నా ముందు వేయించిన క్యాప్సికం ముక్కలు పెట్టారు. తర్వాత అన్యొలోత్తి. చిన్న చతురస్రాల్లా మడిచిన పాస్తా, లోపల వేపుడు మాంసం, అదీ ఒకటి కాదు, కుందేలూ, పందీ, దూడా కలిపి రుబ్బి, కాస్త ఆకుకూర కలిపింది. మీద సాస్ అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు, మాంసం వేగినప్పుడు పెనానికి అంటుకున్న రసమే పోస్తారు. ఆవిడ దాన్ని చెంచాతో గీరి గీరి తీసి పోశారు. ఆ రసంలో వెన్న ఉంది, ఎముకల జిగురు ఉంది, రోజ్‌మేరీ ఉంది, రెండు ముద్దలు తినేసరికి పెదాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అప్పుడు బార్బెరా. ఒక గుక్కకి పెదాలు విడిపోయాయి, నాలుక తేలికైంది, మూడో ముద్ద మళ్లీ మొదటి ముద్దలా ఉంది.

కొవ్వు నాలుక మీద పొరలా పరుచుకుంటే తర్వాతి ముద్దకి రుచి సగం తగ్గిపోతుంది. పులుపు ఆ పొరని కోసి, లాలాజలం ఊరించి కడిగేస్తుంది. ఉప్పేమో ఆ పులుపుని మెత్తబరుస్తుంది. అంటే కొవ్వూ ఉప్పూ ఉన్న తిండి వైన్‌ని బాగు చేస్తుంది, వైన్ తిండిని బాగు చేస్తుంది. వగరు ఎక్కువ ఉన్న వైన్ అయితే దానికి గట్టి మాంసం కావాలి, లేకపోతే నోరు ఎండగట్టేస్తుంది. బార్బెరాకి ఆ పట్టింపు లేదు కాబట్టి గుడ్డు, చీజ్, టమాటా, ఉప్పు చేప, దేని పక్కనైనా సర్దుకుపోతుంది.

ఆ రోజు పెద్దాయన ఇంకో పని చేశారు. తన గిన్నెలో నాలుగు అన్యొలోత్తి మిగిల్చి, వాటి మీద గ్లాసులోని వైన్ పోసుకుని చెంచాతో తాగేశారు. పాత అలవాటట, వాళ్ల నాన్న కూడా అలాగే తినేవారట. నేనూ ప్రయత్నించాను. పాస్తా చల్లారిపోతుంది, వైన్ వెచ్చబడుతుంది, ఊదారంగు రసంలో కొవ్వు చుక్కలు తేలతాయి. నాకు అంతగా పట్టలేదు, కానీ ఆయన ముఖంలో తృప్తి చూశాక వద్దని ఎవరికీ చెప్పను.

ఇప్పుడు ఎంతో గౌరవంగా చూస్తున్న ఈ వైన్‌కి ఒకప్పుడు ఎలాంటి గతి పట్టిందో తెలియకపోతే లేబుళ్ల గోల అర్థం కాదు. బార్బెరా ఆ కొండల్లో కొత్తది కాదు, 13వ శతాబ్దం నాటి కౌలు కాగితాల్లోనే దాని పేరుందని చెప్తారు. కానీ ఎప్పుడూ రైతు వైన్, కూలి వైన్, పెద్ద సీసాల్లో చవగ్గా అమ్ముడయ్యేది. మంచి ఎండ తగిలే వాలు అంతా పేరున్న ద్రాక్షలకి, మిగిలింది దీనికి. ఆ మీద 1986 మార్చిలో ఘోరం జరిగింది. చవక వైన్‌లో ఆల్కహాల్ శాతం ఎక్కువ చూపించడానికి పియెమోంతెలో మిథనాల్ అనే విషపు స్పిరిట్ కలిపి అమ్మారు, 23 మంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ సీసాల్లో కొన్నిటి మీద ఉన్న పేరు బార్బెరా. ఏ తప్పూ చేయని చిన్న రైతుల వైన్ కూడా కొనేవాళ్లు లేకుండా పోయింది. మా పెద్దాయన ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పారు, ఇన్నేళ్ల తర్వాత కూడా.

దీన్ని లేపి నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు జాకొమో బొలోన్యా. రొక్కెత్తా తానరో అనే ఊరివాడు, ఇంటి వైనరీ పేరు బ్రైదా. బార్బెరాకి లేనిది వగరే కదా, అది కొత్త ఓక్ చెక్క పీపాల్లోంచి వస్తుంది కదా అని, 225 లీటర్ల చిన్న ఫ్రెంచ్ పీపాల్లో బార్బెరాని పెట్టి, మంచి తోట నుంచి తక్కువ దిగుబడి తీసి, నెబ్బియోలోతో చేసే పేరున్న బరోలో వైన్‌కి ఇచ్చే గౌరవమే దీనికీ ఇచ్చాడు. బ్రిక్కో దెల్ ఉచ్చెల్లోనె అనే ఆ వైన్ మొదటి పంట 1982. ఉచ్చెల్లోనె అంటే పెద్ద పిట్ట. ఆ తోట పక్కన ఎప్పుడూ నల్లబట్టల్లో తిరిగే ఒక ముసలావిడకి ఊరివాళ్లు పెట్టిన పేరు అదని చెప్తారు. ఆయన 1990లో చనిపోయారు, ఇప్పుడు పిల్లలు నడుపుతున్నారు. ఆయన తర్వాత ఆ దారిలో చాలామంది వెళ్లారు, బార్బెరా ధర పెరిగింది. 2014లో యునెస్కో లాంగె, రొయేరో, మోన్‌ఫెర్రాతో ద్రాక్షతోటల కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు నిత్సా మోన్‌ఫెర్రాతో అనే ఊరు, బార్బెరా పేర్లు కూడా అందులో ఉన్నాయి.

ఉచ్చెల్లోనె నేను ఒక్కసారే తాగాను, యాభై యూరోలు దాటిన సీసా కాబట్టి ఒక పుట్టినరోజుకి ముగ్గురం కలిసి కొన్నాం. గొప్పగా ఉంది, అందులో సందేహం లేదు. ముక్కు దగ్గర పెడితే ముందు వెనిలా, కాఫీ గింజలు, తర్వాత నల్ల చెర్రీ, గొంతు దిగాక కూడా చాలాసేపు నిలిచే రుచి. వైన్‌లో గంటల తరబడి ఉడికించిన బ్రజాతో మాంసం పక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి మోశాయి. కానీ అదే రాత్రి మొదట్లో సలామీతో తాగినప్పుడు మాత్రం ఆ ఓక్ వాసనా, సలామీలోని వెల్లుల్లీ కొట్టుకున్నాయి, నాకు మామూలు ఏడు యూరోల సీసా గుర్తొచ్చింది. బార్బెరా పరువు నిలబెట్టింది ఆ ఖరీదైన సీసాలే, అది ఒప్పుకోవాలి. రోజూ భోజనానికి నా చెయ్యి పోయేది మాత్రం పీపా ముఖం చూడని, స్టీల్ ట్యాంకులో తయారైన కుర్ర బార్బెరా వైపే.

కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్తా, ఇక్కడ గందరగోళం చాలా ఉంది. బార్బెరా దాస్తికి 2008 నుంచి డీఓసీజీ హోదా (ఇటలీలో వైన్‌కి ఇచ్చే అన్నిటికన్నా పై హోదా) ఉంది, సీసా మెడ మీద నంబరు వేసిన సర్కారీ కాగితం పట్టీ అతికించి ఉంటుంది, అది లేకపోతే తీసుకోకండి. కనీసం 90 శాతం బార్బెరా ద్రాక్షే ఉండాలి. 'సుపెరియోరె' అని రాసి ఉంటే కనీసం 14 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 6 నెలలు చెక్క పీపాల్లో, ఆల్కహాల్ కనీసం 12.5 శాతం. ఇంకా పైన 'నిత్సా' ఉంది, 2014 నుంచి సొంతంగా డీఓసీజీ. నిత్సా మోన్‌ఫెర్రాతో చుట్టుపక్కల 18 ఊళ్లలో పండింది మాత్రమే, పూర్తిగా బార్బెరానే, 18 నెలల నిల్వ, అందులో 6 నెలలు పీపాల్లో. నేను కొనే చోట్ల మామూలుది ఐదు నుంచి తొమ్మిది యూరోలు, సుపెరియోరె పది నుంచి పదిహేను, నిత్సా పదిహేను పైన. ఎప్పుడూ తాగనివాళ్లు మామూలుదానితోనే మొదలుపెట్టండి. పంట ఏడాది చూసి మూడు నాలుగేళ్ల లోపుదే తీసుకోండి, కుర్రతనమే దాని అందం. నిత్సా అయితే ఎనిమిదేళ్లున్నా ఏమీ కాదు.

ఇంకో సంగతి. పక్కనే 'బార్బెరా దెల్ మోన్‌ఫెర్రాతో' అని ఇంకో పేరు కనిపిస్తుంది, అందులో కొన్ని సీసాల మీద 'వివాచె' అని ఉంటుంది. అంటే కొంచెం బుడగలొస్తాయి. నేను చూసుకోకుండా కొని, సీసాలో మళ్లీ పులిసిందేమో అని కంగారు పడ్డాను. అది దోషం కాదు, అలాగే తయారుచేస్తారు, బాగా చల్లబరిచి కొవ్వు సలామీతో తాగితే ఎండాకాలం మధ్యాహ్నానికి దానంత హాయైనది లేదు.

చల్లబరచడం అంటే గుర్తొచ్చింది. రెడ్ వైన్‌ని గది వేడిలో ఇవ్వాలన్న మాట పట్టుకుని చాలాచోట్ల దీన్ని పాడుచేస్తున్నారు. జులైలో టొరినోలో ఒక రెస్టారెంట్‌లో ఇరవై రెండు యూరోల సుపెరియోరె తెప్పించుకున్నాం, సీసా పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది, వంటగది గోడకి ఆనుకుని ఉన్న అలమారలోంచి తీసినట్టున్నారు. గ్లాసులో స్పిరిట్ వాసన తప్ప పండు వాసనే లేదు. ఐస్ బకెట్ అడిగితే వెయిటర్ "రెడ్‌కి ఐసా" అన్నట్టు చూశాడు. తెచ్చాడనుకోండి, పదిహేను నిమిషాల తర్వాత అదే సీసా మనిషిలో పడింది. కానీ అప్పటికి తిండి అయిపోయింది, నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ టేబుల్ మీద ఇద్దరు మొదటిసారి బార్బెరా తాగుతున్నారు, వాళ్లకి ఆ వేడి గుక్కే గుర్తుంటుంది. ఇంట్లో అయితే మామూలు బార్బెరాని తాగే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, 15, 16 డిగ్రీల దగ్గర బాగుంటుంది. నిత్సాకి 18 దాకా పర్లేదు.

దేనితో బాగుంటుందంటే, నేను తిన్నంతలో చెప్తాను. ఉడికించిన రకరకాల మాంసాల బొల్లీతో మిస్తో, దాని పక్కన పార్స్‌లీ, ఆంకోవీ అనే చిన్న ఉప్పు చేప, వెనిగర్ వేసి నూరిన పచ్చ సాస్‌తో, చాలా బాగుంటుంది, ఆ సాస్ పులుపుకి ఎదురు నిలబడే వైన్లు తక్కువ. టమాటా సాస్ ఉన్న ఏదైనా సరే, పులుపు పక్కన పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది, ఇది పడదు. మాంసం తిననివాళ్లకి నా మొదటి ఓటు మెలన్జానె ఆల్లా పార్మిజానా, వేయించిన వంకాయ ముక్కలు, టమాటా, చీజ్ పొరలు పొరలుగా పేర్చి కాల్చేది, అందులో నూనే పులుపూ ఉప్పూ మూడూ ఉన్నాయి, బార్బెరా కోసమే పుట్టినట్టుంటుంది (అది పియెమోంతె వంట కాకపోయినా). పూర్తిగా శాకాహారం పాటించేవాళ్లు చీజ్‌లో దూడ రెనెట్ (పాలు గట్టిపడటానికి వేసే, దూడ కడుపులోంచి తీసేది) సంగతి అడిగి తెలుసుకోండి, పార్మిజానో రెజ్జానోలో తప్పకుండా ఉంటుంది. ఆస్తి కొండల్లోనే మేకపాలతో చేసే రొబియోలా ది రొక్కావెరానో ఉంది, రెండు వారాల వయసుది తీసుకుంటే మెత్తగా, కాస్త పుల్లగా, దీనితో చక్కగా కలుస్తుంది.

నిత్సా ఊళ్లో ఇంకొకటి తిన్నాను, బెలె కౌదా అంటారు, మిగతా చోట్ల ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెట్టి, బండి చక్రమంత రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన, మీద మిరియాల పొడి. కాగితంలో చుట్టి ఇస్తారు, వేళ్లన్నీ నూనె. దానికి ఒక గ్లాసు కుర్ర బార్బెరా, ఇక మాటల్లేవు.

కుదరనివీ చెప్పాలి కదా. కారం ఎక్కువ ఉన్న తిండితో వద్దు, పులుపు కారాన్ని ఇంకా మండిస్తుంది. తీపితో అసలే వద్దు. మొంబారుత్సో ఊరి మెత్తటి అమరెత్తి బిస్కెట్లు నోట్లో ఉండగా బార్బెరా తాగితే వెనిగర్ తాగినట్టే ఉంటుంది, వాటికి అదే జిల్లాలో పుట్టిన మోస్కాతో దాస్తి ఉండనే ఉంది, తియ్యగా, ఐదు శాతం ఆల్కహాల్‌తో. ఆల్బా తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఘాటైన వాసన పుట్టగొడుగు) తురిమిన తయారిన్ అనే సన్నటి పాస్తా మీదకి కూడా నేను దీన్ని తీసుకోను, ఆ వాసనకి తగ్గి కూర్చునే వైన్ కావాలి, ఇది నెమ్మదిగా ఉండే రకం కాదు.

అసలు సంగతి ఇప్పటిదాకా దాచాను. బాన్యా కౌదా.

నవంబర్ చివర్లో వెళ్లాం. బండి వేసుకుని వెళ్లి తాగే పని పెట్టుకోకూడదని రైల్లో పోయాం (ఇక్కడ డ్రైవింగ్‌కి రక్తంలో లీటరుకి అర గ్రాము దాటకూడదు, లైసెన్స్ వచ్చిన మొదటి మూడేళ్లు అసలు సున్నా), టొరినో నుంచి ఆస్తికి, అక్కడ మారి నిత్సాకి. కిటికీలోంచి చూస్తే పొగమంచులో ఎర్రబడిన ద్రాక్ష ఆకులు, కొండ మీద ఒక చర్చి గోపురం, మళ్లీ పొగమంచు. ఆ వారాంతంలోనే ఆస్తి వాళ్లు బాన్యా కౌదా డే అని జరుపుతారు, చాలా రెస్టారెంట్లు ఒకేసారి ఇదే వండుతాయి. వెల్లుల్లికి ట్రాఫిక్ లైట్ రంగులు కూడా పెట్టారు. ఎర్ర రంగు అంటే 'దేవుడు ఆజ్ఞాపించినట్టు', పూర్తి వెల్లుల్లి. పసుపు అంటే 'మతం తప్పినది', ఘాటు తగ్గించింది. పచ్చ అంటే 'నాస్తికం', వెల్లుల్లే లేనిది. మేం ఎర్రదే తీసుకున్నాం.

బాన్యా కౌదా అంటే వేడి సాస్, అంతే. వెల్లుల్లి, ఉప్పులో ఊరిన ఆంకోవీ చేపలు, ఆలివ్ నూనె. ఆస్తి జిల్లాలో 2005లో దీని కొలతలు అధికారికంగా రాసి దాఖలు చేశారు, పన్నెండు మందికి పన్నెండు వెల్లుల్లి గడ్డలు, 600 గ్రాముల ఆంకోవీలు, ఆరు గ్లాసుల నూనె. రెబ్బలు కాదండీ, గడ్డలు, మనిషికొకటి. సముద్రమే లేని ఈ కొండల్లోకి చేపలెలా వచ్చాయంటే, లిగూరియా తీరం నుంచి ఉప్పు దారుల్లో గాడిదల మీద ఉప్పుతోపాటు ఇవీ వచ్చేవి. మాయ్రా లోయ నుంచి ఊరూరా తిరిగి ఆంకోవీలు అమ్ముకునేవాళ్లు ఉండేవారు.

ఒక్కొక్కరి ముందూ ఒక మట్టి పాత్ర పెట్టారు, కింద చిన్న మైనపు దీపం, పైన గిన్నెలో సాస్. లేత గోధుమ రంగు, అంచుల్లో చిన్న చిన్న బుడగలు, పైకి తేలిన బంగారు రంగు నూనె. ఆంకోవీలు ఎప్పుడో కరిగిపోయాయి, ముల్లు కూడా తగల్లేదు. పక్కన పెద్ద పళ్లెం నిండా కూరగాయలు, క్యాప్సికం, క్యాబేజీ, ఉడికించిన బీట్‌రూట్, బంగాళాదుంప, ఎండివ్ ఆకులు, వాటి మధ్యలో తెల్లగా వంగిపోయిన కాడలు. అదే కార్దో గొబ్బో, గూని కార్దో, ఆర్టిచోక్ జాతి మొక్క కాడలు. సెప్టెంబర్‌లో ఆ మొక్కని పక్కకి వంచి ఇసుకమట్టి కప్పేస్తారు, అది వెలుగు కోసం పైకి లేవాలని చూస్తూ చూస్తూ గూని పడుతుంది, చీకట్లో ఉండి తెల్లబడి చేదు తగ్గుతుంది. పచ్చిదే తింటారు.

ఆ కాడ ఒకటి తీసుకుని సాస్‌లో అడుగు దాకా ముంచాలి, పైపైన ముంచితే ఒట్టి నూనే వస్తుంది. తీసేటప్పుడు కింద బ్రెడ్ ముక్క పట్టుకోవాలి, కారే చుక్కలన్నీ దాని మీద పడాలి. కొరికితే ముందు కాడ కరకర, దాని వెంట సన్నటి చేదు, ఆ వెనకే ఉప్పు, చేప, తియ్యబడిన వెల్లుల్లి, వేడి నూనె ఒక్కసారిగా. నోరంతా నిండిపోతుంది. ఇక్కడే చాలా రెడ్ వైన్లు చేతులెత్తేస్తాయి. నేను ఒకసారి ఇంట్లో వగరు బాగా ఉన్న నెబ్బియోలోతో ఆంకోవీ తిని చూశాను, నాలుక మీద ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. బార్బెరాతో అది రాలేదు. మాకిచ్చింది జగ్గులో పోసిన కుర్ర బార్బెరా, లేబుల్ కూడా లేదు, కొంచెం చల్లగా ఉంది. ఒక్క గుక్కకి నూనె తెగిపోయింది, ఉప్పు సర్దుకుంది, చెర్రీ రుచి వచ్చి వెళ్లింది, వెల్లుల్లి మాత్రం ఎక్కడికీ పోలేదు, అది మర్నాటిదాకా పోదు. ఇంకో కాడ, ఇంకో గుక్క. ఎవరూ మాట్లాడుకోవట్లేదు, చప్పుడంతా నమలడందే.

గంటన్నర తర్వాత గిన్నె అడుగున రెండు చెంచాల సాస్ మిగిలింది, చిక్కబడి, అంచులకి అంటుకుని. వడ్డించే పెద్దావిడ వచ్చి, అడక్కుండానే ఒక్కొక్కరి గిన్నెలోనూ ఒక గుడ్డు కొట్టి పోసి, "కలుపుతూ ఉండండి" అని వెళ్లిపోయింది. దీపం సెగకే తెల్లసొన మెల్లగా గట్టిపడింది, పచ్చసొన సాస్‌లో కలిసి ముద్దయింది. బ్రెడ్ ముక్కతో గిన్నె తుడిచి తుడిచి తిన్నాం, జగ్గులో ఉన్న చివరి అర గ్లాసు ముగ్గురం పంచుకున్నాం, అప్పటికి ఆస్తి రైలుకి పది నిమిషాలే ఉంది.